గుమ్మం బయట చెప్పులు

మా వీధి చివర జిరాక్స్ షాపులో ఉన్న మెషీన్ బాగా ముసలిది. వరసగా నాలుగు కాపీలు తీసిందంటే చాలు, దాని ఒంట్లోంచి ఒక వాసన వస్తుంది. కాగితం వాసన కాదు, ఇంకు వాసనా కాదు. దగ్గర్లో పిడుగు పడ్డాక గాలికి ఉంటుందే, ముక్కును సన్నగా కోసే వాసన, అది. మొన్న రేషన్ కార్డు కాపీ కోసం వెళ్లి అక్కడ నిలబడ్డానా, ఆ వాసన తగలగానే నా కాళ్లు వాటంతటవే రెండడుగులు వెనక్కి వేశాయి. కళ్లు గుమ్మం వైపు తిరిగాయి. బయట ఎవరి చెప్పులున్నాయి, ఎవరివి లేవు అని వెతుక్కున్నాయి. "ఏమైంది మేడం, గట్ల పరేషాన్ అయితున్నరు?" అని షాపతను అడిగాడు. ఏం లేదని కాపీ తీసుకుని వచ్చేశాను. ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా నా కాళ్లకీ కళ్లకీ ఈ భయం నేర్పిన మనిషి గురించి ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆవిడ పేరు కమలా సాల్మన్ గారు. సొంత ఊరు నరసాపురం వైపు. తండ్రి బడిపంతులు. ఆయనతోపాటు చిన్నప్పుడే సికింద్రాబాద్ వచ్చేసి చిలకలగూడలో స్థిరపడ్డారు. పెళ్లి చేసుకోలేదు. ఎప్పుడూ బూడిదరంగు నూలు చీర, చేతిలో మగవాళ్ల గొడుగు, కోపం వస్తే గొంతు పెంచకుండా తగ్గించే అలవాటు. ఆ తగ్గిన గొంతంటే ఆఫీసులో అందరికీ హడల్. ఊరవతల ఉన్న ఒక ప్రయోగశాలలో మా విభాగానికి ఆవిడే పెద్ద. నేను డిగ్రీ చదువు వాసన ఇంకా పోని సహాయకురాలిని. అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. మా నాన్న భీమవరం నుంచి వచ్చి రాణిగంజ్‌లో మోటార్ల వ్యాపారం పెట్టుకున్నారు. అందుకని ఆవిడ నన్ను "ఏవమ్మా, మన వైపు పిల్లవి, ఆ మాత్రం తెలీదా?" అని తిట్టేవారు. మన వైపు కాని వాళ్లనీ అలాగే తిట్టేవారనుకోండి, కాకపోతే ఆ ముక్క ఉండేది కాదు.

మా దగ్గర ఒక యంత్రం ఉండేది. అది ఎలక్ట్రాన్లను గుంపులు గుంపులుగా, దాదాపు వెలుగంత వేగంతో బయటికి కొట్టేది. కొట్టే వ్యవధి రెప్పపాటులో ఎన్నో వంతో చెప్పలేం, కానీ ఆ కాస్తలోనే వచ్చి పడేది మాత్రం అపారం. ఆ దెబ్బకు ఎలక్ట్రానిక్ పరికరాలు ఏ మాత్రం తట్టుకుంటాయో చూడటం ఆ ప్రయోగశాల పని. పడిన దెబ్బ ఎంతో, అంటే డోసు ఎంతో కొలిచి చెప్పడం మా పని. యంత్రం ఉన్న గదికి మనిషి ఎత్తు మందాన కాంక్రీటు గోడలు. లోపలికి వెళ్లే దారి రెండు మలుపులు తిరుగుతుంది, కనుక తలుపు దగ్గర నిలబడితే లోపల ఎవరున్నదీ కనపడదు. పంపుల మోతలో పిలిచినా వినపడదు. బటన్ నొక్కేముందు మోగే గంట కూడా ఆ మోతలో కలిసిపోయేది.

అందుకే ఆవిడ చెప్పుల పద్ధతి పెట్టారు. లోపలికి వెళ్లేవాళ్లు ఎంతటివారైనా చెప్పులు గుమ్మం బయట విడిచి వెళ్లాలి. తలుపు మూసేముందు గుమ్మం చూడాలి. ఒక్క జత ఉన్నా తలుపు మూయకూడదు. తలుపుకు అమర్చిన స్విచ్చు నెలకొకసారి మొరాయించేది కానీ చెప్పులు ఎప్పుడూ మొరాయించలేదు. గుడికి వెళ్లినట్టు వెళ్లి, గుడి నుంచి వచ్చినట్టు ఎవరివి వాళ్లు వెతుక్కుని తొడుక్కునేవాళ్లం. మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేని అలవాటు కదా, ఎవరూ మరచిపోరని ఆవిడ ధీమా.

చేరిన కొత్తలో ఒకరోజు ఆవిడ బల్ల మీద అద్దంలా మెరిసే ప్లాస్టిక్ దిమ్మె కనిపించింది. అంతకుముందే దాన్ని యంత్రం ముందు పెట్టి తీసుకొచ్చారు. అందంగా ఉందని చెయ్యి చాపాను. "ముట్టుకోకు," అన్నారు తగ్గిన గొంతుతో. "యంత్రం ఆపేశారు కదండీ?" అన్నాను. "యంత్రం ఆగింది. దీనిలోకి వెళ్లింది మాత్రం బయటికి రాలేదు. కూర్చుని ఉంది," అన్నారు. కర్ర పిడి ఉన్న మేకు తీసుకుని దిమ్మె అంచున ఒక్క పోటు పొడిచారు. టప్పుమని చప్పుడైంది, లోపల తెల్లటి మెరుపు పుట్టింది. ఆరిపోయాక చూస్తే దిమ్మె నిండా ఆకుల్లేని చెట్టు ఒకటి కొమ్మలు చాచుకుని నిలబడి ఉంది. క్షణం క్రితం అక్కడ ఏమీ లేదు. "చూశావా? ఏమీ కనపడలేదు కదాని ఏమీ లేదనుకోకు. మన ఉద్యోగమంతా ఇంతే," అని టిఫిన్ డబ్బా తెరుచుకున్నారు.

రెండో పాఠం సికింద్రాబాద్ స్టేషన్లో జరిగింది. యంత్రం ముందు డోసు చూపించడానికి ఒక చిన్న గాలి డబ్బా, దానికో మీటరు ఉండేవి. కిరణాలు గాలిని ముక్కలు చేస్తే ఆ ముక్కల్ని డబ్బాలోని పలకలు లాక్కుని లెక్కపెడతాయి. ఎక్కడైనా పనికొచ్చే పరికరమే. కానీ మా యంత్రం ముందు అది తక్కువ చూపించేది. ఎందుకో నాకు ఎంత చదివినా తలకెక్కలేదు. ఒక సాయంత్రం ఇద్దరం ప్లాట్‌ఫారం మీద ఉండగా ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగింది. జనం ఒక్క ఊపున గేటు మీద పడ్డారు. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. "టీసీని చూడు. ఒక్కొక్కరే వస్తే అందరి టికెట్లూ తీసుకుంటాడు. ఇప్పుడు చేతికందినవే తీసుకుంటున్నాడు. పాపం, ఆయన అబద్ధం చెప్పట్లేదమ్మా. ఆయన చేతిలో ఉన్నవి ఆయన చెబుతాడు. మన గాలి డబ్బా కూడా అంతే. ఒక్కసారిగా అన్ని ముక్కలు పుడితే, పలకలకు అందకముందే అవి ఒకదాన్నొకటి పట్టుకుని మళ్లీ మామూలు గాలైపోతాయి. దెబ్బ ఎంత పెద్దదైతే మీటరు అంత తప్పు చెబుతుంది. ప్రమాదం పెరిగినకొద్దీ ధైర్యం చెప్పే వస్తువుని ఎప్పుడూ నమ్మకు," అన్నారు.

మా దగ్గర మల్లేశ్ అని మెకానిక్ ఉండేవాడు. బన్సీలాల్‌పేట మనిషి. స్క్రూలు తిప్పినంత తేలిగ్గా డోలక్ వాయించేవాడు, భజన ఉందంటే మర్నాడు కళ్లు ఎర్రగా వచ్చేవాడు. ఆ ఏడాది మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్ల బట్టలు, నుదుట గంధం, మెడలో మాల, కాళ్లకు చెప్పుల్లేవు. అందరం స్వామీ అని పిలవడం మొదలుపెట్టాం. కమల మేడం గారైతే అతను దీక్షలో ఉన్నన్నాళ్లూ తన రొయ్యల పచ్చడి డబ్బా తీసుకుని బయట స్కూటర్ల షెడ్డు కిందికి పోయి తినేవారు. "అమ్మా, నాకేం తక్లీఫ్ లేదు, లోపల్నే తినున్రి," అంటే, "నాకుంది నాయనా," అనేవారు. అతని ఒట్టికాళ్లు రోజూ చూస్తూనే ఉన్నాం. అక్కా, కాళ్లు కాలుతున్నయ్ అని అతను నవ్వితే మేమూ నవ్వాం. అంతమందిలో ఏ ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

భోజనాలయ్యాక ఒక మధ్యాహ్నం, అసలు ప్రయోగానికి ముందు యంత్రాన్ని ఒకసారి ఉత్తినే కొట్టి చూడాలి. మేడం గారు తలుపు దగ్గరికి వెళ్లారు. గుమ్మం చూశారు. నున్నగా ఊడ్చిన గచ్చు, ఒక్క జత కూడా లేదు. అలవాటుగా లోపలికి ఒక కేక వేశారు, తలుపు మూశారు, గంట మోగించి బటన్ నొక్కారు. మీటరు సూది కొంచెం లేచి పడుకుంది. తలుపు తీసేసరికి ఆ పిడుగు వాసన మమ్మల్ని దాటుకుంటూ బయటికి వచ్చింది. దాని వెనకే, చేతిలో స్క్రూడ్రైవర్‌తో, మల్లేశ్ వచ్చాడు.

"మూతి దగ్గర పట్టీ లూజుందని బిగిస్తున్ననమ్మా. ఏందో నీలంగా మెరిసినట్టయింది," అన్నాడు. మేడం గారు అతని మొహం చూడలేదు. కాళ్లు చూశారు. తరవాత గుమ్మం చూశారు. ఆవిడ మొహం తెల్లకాగితంలా పాలిపోవడం నేను చూశాను. "ఏ చెయ్యి?" అన్నారు. ఆ మాట నాకే సరిగా వినపడలేదు. అతను కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. ఏమీ లేదు. గంధం మరక, గ్రీజు మరక, అంతే. వేళ్లు ముడిచి తెరిచి, నవ్వి, "మంచిగనే ఉంది," అన్నాడు.

మా పెద్ద అధికారి కూడా ఆ మాటే పట్టుకున్నారు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "మీటరు ఎంత చూపించిందో అంతే రాయండి. అది ప్రమాదం కిందికే రాదు. చెయ్యి బాగానే ఉందిగా!" అన్నారు. "ఇప్పటికి బాగుంది సార్," అన్నారు మేడం గారు. "బటన్ నొక్కింది మీరు. చెప్పుల పద్ధతి పెట్టింది మీరు. డోసు ఎక్కువని మీరే తేల్చితే అది మీ మెడకే చుట్టుకుంటుంది, ఆలోచించుకోండి." "చుట్టుకోనివ్వండి సార్. నా మెడ నా దగ్గరే ఉంటుంది. అతని చెయ్యి అతని దగ్గర ఉంటుందో లేదో నాకు తెలియాలి."

అసలు చిక్కు మల్లేశ్‌తో వచ్చింది. ఇరుముడి కట్టుకుని కొండకు బయల్దేరే రోజు దగ్గరపడింది. గురుస్వామితో, వాడకట్టు వాళ్లతో కలిసి రైల్లో పోవాలి. ఆస్పత్రిలో చేరమని మేడం గారు అడిగితే తల అడ్డంగా ఊపాడు. "నొప్పి లేదు, వాపు లేదు. ఏమని చెప్పి మాల తియ్యాలెనమ్మా? మీటరు సుత ఏం లేదన్నది కదా." ఇలాంటి దెబ్బ తగిలిన చెయ్యి కొన్నాళ్లు ఏమీ ఎరగనట్టు ఉంటుందని, ఆ తరవాత ఒక్కసారిగా లోపలి నుంచి బయటికి వస్తుందని, అప్పుడు అతను ఏ అడవి దారిలోనో, ఏ ఏటి నీళ్లలోనో ఉంటే చెయ్యి మొత్తం పోతుందని ఆవిడకు తెలుసు. కానీ ఎంత పడిందో చూపించందే అతను నమ్మడు, డాక్టర్లూ కదలరు. అతను రైలెక్కేలోపు అసలు లెక్క తేలాలి.

"మనకొక చెయ్యి కావాలి పద్మా," అన్నారు నాతో. మర్నాడు చర్చి నుంచి కొవ్వొత్తి ముక్కలు సంచీ నిండా తెచ్చారు. క్రిస్మస్ ఆరాధనలో వెలిగించగా మిగిలినవి. మల్లేశ్‌ని కూర్చోబెట్టి, పట్టీ బిగించేటప్పుడు వేళ్లు ఎలా పెట్టాడో అలాగే పెట్టించి, చుట్టూ తెల్ల ప్లాస్టర్ ముద్ద అద్దారు. "ఈ మైనం చర్చిదయ్యా, నీ దీక్షకేమైనా పట్టింపా?" అని అడిగారు. "దేవునిదే కదమ్మా," అన్నాడతను. కాసేపటికి అతని మొహం మారిపోయింది. "అమ్మా, కాలుతున్నది! చెయ్యి కాలుతున్నది!" అని లేవబోయాడు. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది, అది మాకు తెలుసు. తెలిసినా ఇద్దరం కొయ్యబారిపోయాం. ఆ రోజు అంత దెబ్బ పడితే ఏమీ తెలియని చెయ్యి ఇప్పుడు, ఒట్టి తెల్లముద్దలో, కాలుతోందని అరుస్తోంది. మేడం గారు అతని భుజం పట్టుకుని, "అది ప్లాస్టర్ వేడి నాయనా, ఇంకేం కాదు," అని పదేపదే చెప్పారు. తనకు తను చెప్పుకున్నట్టుగా ఉంది.

కిరణాల లెక్కలో మైనం మన కండలాంటిదే. అచ్చులో అది పోసి తీస్తే మల్లేశ్ చెయ్యి వచ్చింది. గోళ్లతో సహా, బొటనవేలి పక్కన పాత గాటుతో సహా. అది బల్ల మీద ఉంటే నేను ఆ గదిలో ఒంటరిగా కూర్చోలేకపోయాను. ఆవిడ దాని వేళ్లను పొడుగునా చీల్చి, డోసు తగిలితే నీలంగా మారే సన్నని ఫిల్మ్ ముక్కలు లోపల పెట్టి మళ్లీ గుండుసూదులతో మూశారు. ఆ ఫిల్మ్‌కు గాలి డబ్బా జబ్బు లేదు. అయితే ఎంత నీలానికి ఎంత డోసో తెలియాలి. దానికి వేడిని కొలిచారు. బిస్కెట్టంత బొగ్గు బిళ్లను థర్మోకోల్ పెట్టెలో మూసి, పక్కనే ఒక ఫిల్మ్ ముక్కతో యంత్రం ముందు పెట్టారు. ఎంత శక్తి పడితే అంత వేడెక్కుతుంది, ఒక్కసారిగా పడినా నెమ్మదిగా పడినా ఒకటే. కాకపోతే ఆ పెరిగే వేడి వెంట్రుకవాసి. బిళ్ల కుదుటపడేదాకా ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి, కంట్రోల్ గదిలో మాట్లాడకుండా కూర్చునేవాళ్లం. గోడ అవతల చీకటిలో ఆ మైనపు చెయ్యి పట్టీ బిగిస్తున్నట్టే వేళ్లు చాచుకుని ఉండేది. బటన్ నొక్కే ప్రతిసారీ మేడం గారు గుమ్మం చూసి రావడమే కాదు, లోపలికంటా నడిచి, ప్రతి మూలా తడిమి వచ్చేవారు. అయినా నొక్కేముందు మల్లేశ్‌ని మా పక్కన నిలబెట్టి, అతని ఎడమ చెయ్యి తన చేత్తో పట్టుకుని, అప్పుడు నొక్కేవారు.

లెక్క తేలింది. మీటరు చెప్పినదానికి ఎన్నో రెట్లు. మేడం గారు మల్లేశ్‌కి అంకెలేమీ చెప్పలేదు. మైనపు వేళ్లలోంచి తీసిన ఫిల్మ్ ముక్కల్ని తెల్లకాగితం మీద, చెయ్యి ఆకారంలో పేర్చారు. బొటనవేలి ముక్క దాదాపు తెల్లగా ఉంది. చూపుడువేలు, మధ్యవేలు మాత్రం సిరాలో ముంచి తీసినట్టున్నాయి. "ఇది నీ చెయ్యి," అన్నారు. అతను తన కుడిచెయ్యి ఆ కాగితం పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పక్కపక్కన రెండు చేతులు. ఒకటి నున్నగా, ఆరోగ్యంగా. ఇంకొకటి నిజమైంది. "స్వామి నన్నెందుకు రానియ్యలేదమ్మా?" అన్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు నేను మొదటిసారి చూశాను. "స్వామి కాదు నాయనా, నేను. నేనే నొక్కాను," అన్నారు. ఆ సాయంత్రం గురుస్వామి దగ్గర మాల తీసి అతను ఆస్పత్రిలో చేరాడు. రిపోర్టులో అసలు డోసు, నొక్కిన మనిషి పేరు, రెండూ ఆవిడే స్వయంగా రాశారు.

బొబ్బలు లేచేనాటికి అతను డాక్టర్ల కళ్లెదుటే ఉన్నాడు. అలా చేరకపోయి ఉంటే మణికట్టు దాకా తీసేసేవాళ్లమని తరవాత వాళ్లు చెప్పారు. మార్చిలో ఎండలు ముదిరాయి. ఒకరోజు కరెంటు పోయిన మధ్యాహ్నం మేడం గారి బీరువా తెరిస్తే మైనపు చేతికి రెండు వేళ్లు ఊడి కింద పడి ఉన్నాయి. చూపుడువేలు, మధ్యవేలు. ఎక్కువ లోతుగా చీల్చింది వాటినే, వేడికి మెత్తబడి ఊడాయి, అందులో వింతేమీ లేదు. ఆవిడ వాటిని తీసి రుమాల్లో చుట్టారు. ఏప్రిల్‌లో డాక్టర్లు మల్లేశ్‌కి ఆ రెండు వేళ్లే తీసేశారు. మిగతా చెయ్యి నిలిచింది. డోలక్ వాయించడం మళ్లీ నేర్చుకున్నాడు, దెబ్బ మాత్రం మారింది.

మేడం గారిని యంత్రం నుంచి తప్పించి లైబ్రరీకి పంపారు. తలుపుకు కొత్త తాళాలు, లోపల ఎర్ర దీపాలు వచ్చాయి. చెప్పుల పద్ధతి రద్దని కాగితం అంటించారు. ఆ కాగితం కిందే అందరం చెప్పులు విడిచేవాళ్లం. రిటైరయ్యేదాకా ఆవిడ పుస్తకాల మధ్యే ఉన్నారు. నేను అన్యాయం అని గొణిగితే, "అన్యాయమేముందమ్మా? గుమ్మం చూశాను, మనిషిని చూడలేదు," అనేవారు.

ఆవిడ పోయినప్పుడు చలికాలం. చిలకలగూడలో ఆ చిన్న ఇంటి మెట్ల మీద చెప్పుల గుట్ట. లోపల పాటలు పాడుతున్నారు. నేను నా చెప్పులు విడుస్తూ అలవాటుగా చూశాను. గోడవారగా, ఎప్పుడూ ఉండే చోట, ఆవిడ చెప్పులు. అరిగిన మడమలు, ముడేసిన పట్టీ. చెప్పులు బయటున్నాయంటే మనిషి లోపల ఉన్నట్టే కదా. శవపేటిక తేవడానికి దారి చేస్తూ ఎవరో వాటిని కాలితో పక్కకి నెట్టబోయారు. "ఉండనియ్యిన్రి," అని వెనక నుంచి ఒక గొంతు. మల్లేశ్. నెరిసిన గడ్డం, నల్లబట్టలు, మెడలో మాల, ఒట్టికాళ్లు. చావింటికి మాలతో రాకూడదు. వచ్చాడు. "అమ్మ ఇంకా లోపల్నే ఉన్నది," అన్నాడు.

పేటికను బయటికి తెచ్చి వ్యాను ఎక్కించాక, అతను లోపలికి వెళ్లాడు. ముందు గది, వంటగది, పెరటి గుమ్మం, అన్నీ తిరిగి చూసి వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు. అప్పుడు వంగి, మూడు వేళ్ల చేత్తో ఆ చెప్పుల జత తీసుకున్నాడు. శ్మశానం దాకా వాటిని అలాగే పట్టుకుని నడిచాడు.

ఇప్పటికీ నేను ఇంటి తలుపు వేసేముందు గుమ్మం చూస్తాను. చూసి ఊరుకోను, లోపలికి వెళ్లి ప్రతి గదిలోనూ ఎవరైనా ఉన్నారా అని పిలుస్తాను. ఒంటరిదాన్ని, ఎవరూ ఉండరని తెలుసు. అయినా పిలిచి, కాసేపు ఆగి విని, అప్పుడే తాళం వేస్తాను.